పదకొండు పొరలు

"చిరిగిందని రాసెయ్యండి, అంతే," అన్నాడు పెద్దసారు.

కత్తి తలెత్తలేదు. పొరలు కోసే మైక్రోటోమ్ చక్రం తిప్పుతున్నాడు. ఒక్కో తిప్పుకి ఒక్కో మైనపు పొర, వెంట్రుక మందంలో పదో వంతు, బ్లేడు అంచు మీదుగా జారి ముందు పొర తోక పట్టుకుని పట్టీలా దిగుతోంది. మధ్యలో ఆపితే పట్టీ తెగుతుంది. అది పెద్దసారుకీ తెలుసు. అందుకే నిలబడ్డాడు. ల్యాబు మొత్తంలో పెద్దసారు ఎవరికోసమైనా నిలబడేది ఈ ఒక్క బల్ల దగ్గరే.

కత్తి అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. చేతిలో బ్లేడు వల్ల కొంత, నోట్లో నాలుక వల్ల మరికొంత, ఇరవయ్యారేళ్ళుగా అందరికీ అతను కత్తే. పట్టీని రెండు బ్రష్‌ల మీద ఎత్తి పక్కనున్న నీళ్ళ తొట్టిలో వదిలాడు. వెచ్చటి నీళ్ళ మీద అది ముడతలు విప్పుకుని సాపుగా పరుచుకుంది. అప్పుడు తిరిగాడు.

"ఏవి చిరిగినయ్ సార్?"

"నలభై మూడో పిండం. పదమూడో రోజుది. అందులో పదకొండు పొరలు."

"అవి చిరగలేదు."

"నాకు తెలుసు."

"మరి?"

"మరేం లేదు. చిరిగినవి లెక్కలోకి తీసుకోకూడదని మనకి రూలు. మీ రిజిస్టర్లో పదకొండు నంబర్ల పక్కన ఒక్క మాట పడితే చాలు. ఎవరి కొంపా మునగదు."

"రిజిస్టరు నా చేతిరాత సార్. కింద సంతకం నాది."

పెద్దసారు నవ్వాడు. ఓపిక ఉన్నట్టు కనపడటానికి నవ్వే నవ్వు. "పొరలన్నాక చిరగవా కత్తిగారూ? ఎవరి చేతిలోనైనా చిరుగుతాయి."

"ఎవరి చేతిలో చిరిగినయ్యో వాళ్ళ చేత రాయించండి."

పెద్దసారు మొహంలోంచి నవ్వు పోయింది. "శుక్రవారం మీటింగుంది. ఈలోగా ఆలోచించుకోండి," అని వెళ్ళిపోయాడు. తలుపు వేసుకున్న తీరులోనే మిగతా మాటలన్నీ ఉన్నాయి.

 కత్తి గాజు పలక తీసి, మూల మీద పెన్సిల్‌తో నంబరు వేశాడు. పెన్నుతో వేస్తే తర్వాత రంగుల్లో ముంచినప్పుడు కొట్టుకుపోతుంది. ఈ సంగతి పెద్దసారుకి నేర్పింది కూడా తనే, ఆయన ఇక్కడ విద్యార్థిగా చేరిన వారంలో. నేర్పిన చేతికే ఇవాళ చిరుగు అంటగడుతున్నాడు.

ల్యాబు మూడేళ్ళుగా ఒకే ప్రశ్న పట్టుకుని వేలాడుతోంది. ఎలుక పిండంలో నాలుక మొలిచేటప్పుడు దాని మీద చుక్కలు చుక్కలుగా ఒక జన్యువు మేలుకుంటుంది. రేపు రుచి మొగ్గలు లేచేది ఆ చుక్కల దగ్గరే. సరిగ్గా ఆ రోజుల్లోనే చెవి పక్కనుంచి ఒక నాడి బయలుదేరి, దవడ వెంట దారి వెతుక్కుంటూ నాలుకలోకి వస్తుంది. నాడికి దారెవరు చెబుతారు? చుక్కే చెబుతుందని పెద్దసారు మాట. ముందు చుక్క మేలుకుని పిలుస్తుంది, పిలిచిన చోటికి నాడి వస్తుంది. పిలవని చోటికి రాదు.

దీన్ని చూడటానికి ఒక్కో పిండాన్నీ వరసగా పొరలు కోస్తారు. బేసి నంబరు పొరలకి జన్యువు చూపే నీలం రంగు, సరి నంబరు పొరలకి నాడి చూపే గోధుమ రంగు. పక్కపక్క పొరలు కాబట్టి ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే నీలం చుక్క కిందికే గోధుమ పోగు వచ్చిందో లేదో తెలిసిపోతుంది. నలభై రెండు పిండాల్లో పెద్దసారు చెప్పినట్టే వచ్చింది. నలభై మూడోదానిలో పదకొండు చోట్ల నాడి కొస చుక్కే లేని ఖాళీలో నిలబడి ఉంది.

మర్నాడు పొద్దున కత్తి ఐసు పలక మీద పిండాలు పొదిగిన మైనం దిమ్మలు చల్లారబెడుతుంటే పరిశోధకురాలు వచ్చింది. ఐదో ఏడు చదువుతోంది. నలభై మూడు పిండాలకీ రంగులు వేసింది ఆమె, లెక్కలు తీసింది ఆమె, డిగ్రీ రావలసిందీ ఆమెకే. రాత్రంతా ఏడ్చిన మొహం.

"బాబాయ్, సారు చెప్పినట్టు రాసెయ్యకూడదా?"

"నువ్వు కూడానా!"

"నాకు మాత్రం సరదానా? పేపరు ఆగిపోయింది. పేపరు ఆగితే నా డిగ్రీ ఆగిపోతుంది. మా ఇంట్లో నన్ను చూసి ఇంకా ఎన్నేళ్ళే అని అడగటం కూడా మానేశారు."

"మంచిదే. పీడా పోయింది."

"వెటకారం ఆపండి బాబాయ్."

"సరే ఆపాను. అడిగినదానికి చెప్పు. ఆ పదకొండు చోట్లా నాడి ఉందా?"

"ఉంది."

"చుక్క ఉందా?"

"లేదు."

"కళ్ళతో చూశావా?"

"వందసార్లు చూశాను."

"మరి చూసినదాన్ని చూడలేదనుకోవడానికి నా చెయ్యి ఎందుకు కావాల్సొచ్చింది? నీ చెయ్యి లేదా? నువ్వే రాయి. 'నేను భయపడ్డాను, అందుకని పదకొండు తీసేశాను' అని. కింద సంతకం పెట్టు. నేనేమీ అడ్డుపడను."

ఆమె పెదవి కొరుక్కుంది. ఓదార్చే మాట ఒకటి అంటే బాగుండేది. కత్తికి అలాంటి మాటలు చేతకావు. చేతనైన కాలంలో అవి విన్న భార్య పోయి మూడేళ్ళయింది.

"ఐదేళ్ళు కళ్ళు పోగొట్టుకున్నావు," అన్నాడు మళ్ళీ, గొంతు కొంచెం తగ్గించి. "పిలవని చోటికి కూడా నాడి వస్తుందేమో. ఎవడికి తెలుసు? అందరూ చుక్క పిలిచింది చుక్క పిలిచింది అంటుంటే, అది సొంతంగా వచ్చిందేమో."

ఆమె ఐసు పలక వైపు చూసింది. దిమ్మల మీద తేమ పొగలా లేస్తోంది.

"అదే అయితే కొత్త సంగతే బాబాయ్," అంది మెల్లగా. "ఎవరూ చెప్పలేదు."

"అందుకే చిరిగిపోవాల్సొచ్చింది మరి."

ఆమెకి నవ్వు వచ్చింది. ఏడ్చిన కళ్ళతోనే నవ్వి వెళ్ళింది.

బుధవారం మధ్యాహ్నానికి ల్యాబంతా గుప్పుమంది. పరిశోధకురాలు పెద్దసారు గదిలోకి వెళ్ళి, పదకొండూ తీయనని చెప్పింది. శుక్రవారం మీటింగులో అందరిముందూ పెడతానంది. పెద్దసారు అరవలేదట. అరవకపోవడం ఇంకా చెడ్డ గుర్తు. "ఆ పొరలు కోసిన మనిషికి వయసెంత? చెయ్యి వణుకుతోందని అందరికీ తెలుసు. ఒక ముసలాడి పొరల మీద ఐదేళ్ళ చదువు పెట్టుకుంటావా?" అన్నాడట.

ఈ మాట మోసుకొచ్చింది ఎలుకల గది చూసుకునే ఆవిడ. మాటలు మోయడంలో ఆవిడ చెయ్యి ఎన్నడూ వణకదు.

"నాతో చెప్పావని ఆయనతో చెప్పు," అన్నాడు కత్తి.

"నాకెందుకు బాబూ మీ గొడవలు," అంటూనే ఆవిడ అటే నడిచింది.

కత్తి కుడిచెయ్యి చాచి వెలుతురులో చూసుకున్నాడు. వణకడం లేదు. ఎడమది చాచాడు. అదీ లేదు.  క్షమించకూడని మనుషుల జాబితా ఒకటి అతని దగ్గర ఎప్పుడూ ఉంటుంది. భార్య నాలుకకి చికిత్స చేసిన డాక్టరుది అందులో మొదటి చోటు. చివరి నెలల్లో ఏం నోట్లో పెట్టినా మట్టిలా ఉందని ఆమె అంటే, నాడి మళ్ళీ పెరుగుతుంది, రుచి మళ్ళీ వస్తుంది అన్నాడు ఆ డాక్టరు, చేతిలో కాగితం చూస్తూ. ఇవాళ జాబితాలో రెండో చోటు నిండింది.

గురువారం పొద్దున తొందరగా వచ్చాడు. మీటింగులో చెయ్యి చాచి చూపిస్తే ఎవరు నమ్ముతారు? పొరలే మాట్లాడాలి. నలభై మూడో పిండం పొరలన్నీ దించి, ఒక్కోదానికీ కొలతలు రాసుకుని, ముడత లేదు, చిరుగు లేదు, గీత లేదు అని కాగితం మీద పెడితే పెద్దసారు నోరు మూతపడుతుంది. సూక్ష్మదర్శిని కంటిగొట్టంలో గీతల కొలబద్ద ఉంటుంది. నాలుక రూపం పొరపొరకీ మారుతుంది కాబట్టి కొలవడానికి దవడలో కర్రముక్కలా పొడుగ్గా ఉండే లేత ఎముకని ఎంచుకున్నాడు. పక్కపక్క పొరల్లో దాని వెడల్పు మారదు.

మొదటి బేసి పొర. పద్దెనిమిది గీతలు. రాశాడు.

పక్కనున్న సరి పొర. ఇరవై ఒకటి.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇరవై ఒకటే. తర్వాతి బేసి పొర పద్దెనిమిది. తర్వాతి సరి పొర ఇరవై ఒకటిన్నర.

కత్తి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఈసారి కొలవలేదు, చూశాడు. బేసి పొరల్లో కణాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. సరి పొరల్లో ఏకిన దూదిలా విడివిడిగా, మధ్యమధ్య ఖాళీలతో ఉన్నాయి. పొర సాగింది. సాగిన నాలుక మీద గోధుమ పోగు తన చోటునుంచి పక్కకి జరిగింది. సాగని నాలుక మీద నీలం చుక్క తన చోటులోనే ఉంది. రెండూ కలిపి పెడితే, నాడి ఖాళీలో నిలబడినట్టు కనపడక ఏం చేస్తుంది?

మైనపు పొర సాగడానికి ఒకటే కారణం. తొట్టిలో నీళ్ళు వేడెక్కి ఉండాలి. పట్టీ నీళ్ళ మీద పడగానే కత్తి ముందు బేసి పొరలన్నీ పలకల మీదికి ఎత్తుతాడు, తర్వాత సరి పొరలు. అది అతని పద్ధతి. ఇరవయ్యారేళ్ళ పద్ధతి. ఆ కాస్త ఆలస్యంలో సరి పొరలు వేడి నీళ్ళ మీద పడుకుని సాగుతూనే ఉన్నాయి.

"కుదరదు," అన్నాడు పైకే. గదిలో ఎవరూ లేరు.

నీళ్ళ వేడి అతను వేలితో చూస్తాడు. తొట్టి మర మీద అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. కొత్తగా చేరినవాళ్ళు థర్మామీటరు పెట్టబోతే, "నా వేలికి పాదరసం అక్కర్లేదు," అని వాళ్ళని తరిమేవాడు. లేచి తొట్టి దగ్గరికి వెళ్ళాడు. వచ్చీరాగానే అలవాటుగా వేసిన తొట్టి. చూపుడువేలు ముంచాడు. హాయిగా ఉంది. సరిగ్గా ఎలా ఉండాలో అలా ఉంది.

సొరుగులో దూది చుట్టి ఉన్న థర్మామీటరు తీసి ముంచాడు. నలభై రెండు దగ్గర ఆగాలి. పాదరసం నలభై రెండు దాటింది, నలభై ఐదు దాటింది. యాభై ఒకటి దగ్గర ఆగింది.

ఈసారి మోచెయ్యి పెట్టాడు. చురుక్కుమంది.

ఆ రోజు ఇంకేమీ కోయలేదు. అడిగినవాళ్ళతో బ్లేడు బాగాలేదన్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అక్క పొయ్యి మీద పాలు పెట్టి ఉంది. ఆవిడా మొగుడు పోయిన మనిషే. ఇద్దరూ ఒక ఇంట్లో ఉంటే పోట్లాడుకోవడానికైనా తోడుంటుందని వచ్చి చేరింది, ఆ ఒప్పందం తు.చ. తప్పకుండా నడుపుతోంది.

"ఏరా, మొహం అలా పెట్టావు? పిండాల నాలుకలు ఎదురు మాట్లాడాయా?"

 పాలు పొంగబోతుంటే కత్తి వెళ్ళి గిన్నె దించాడు.

"అదిగో మళ్ళీ," అంది అక్క. "పట్టకారుందిరా అక్కడ."

కత్తి గిన్నె కింద పెట్టి వేళ్ళు చూసుకున్నాడు. కొసలు ఎర్రబడుతున్నాయి. నొప్పి లేదు.

"మళ్ళీ అంటావేంటి?"

"మళ్ళీ కాకపోతే? ఎన్నాళ్ళనుంచో ఉత్తచేత్తో దించుతున్నావు. మరదలు పోయాక నీకన్నీ పంతాలేగా, ఇదో పంతం కాబోలనుకుని ఊరుకున్నా."

"ఎన్నాళ్ళనుంచి?"

"నన్నడుగుతావేంట్రా? చెయ్యి నీది."

కత్తి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇంట్లో ఒక మనిషి చూస్తూనే ఉంది, పంతమనుకుంది. చేతికి తెలిసే ఉండాలి, చెప్పలేదు. కోపం ఎవరి మీదికి తోలాలో తెలియలేదు. పెద్దసారు మీదికి తోలితే అది మధ్యదారిలోనే తిరిగొచ్చింది.

శుక్రవారం మీటింగుకి గంట ముందు పరిశోధకురాలు చిత్రాలన్నీ వరసలో పెట్టుకుని కూర్చుంది. కొత్త బట్టలు వేసుకుని వచ్చింది. కత్తిని చూసి మొహం విప్పారింది.

"మొదటి బొమ్మకే నాలుగో పొర పెట్టాను బాబాయ్. అందులో నాడి ఎంత స్పష్టంగా ఉందో చూడండి. సారుకి ఇక నోట మాట రాదు."

కత్తి కొలతల కాగితం ఆమె ముందు పెట్టాడు.  

"దవడ ఎముక చూడు. బేసి, సరి."

ఆమె చూసింది. తెలివైన పిల్ల. రెండో వరసకే అర్థమైంది. వేలు మూడో వరస దగ్గర ఆగిపోయింది.

"సాగాయి," అంది.

"నీళ్ళు వేడెక్కాయి. నా వేలికి వేడి తెలియడం లేదు."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"నిన్న పొద్దున."

"నిన్న పొద్దున తెలిస్తే ఇవాళ చెబుతున్నారా?"

"నిన్న నోరు రాలేదు."

"మొన్న వచ్చిందిగా!" ఆమె కాగితం తోసేసింది. "మొన్న ఎంత మాటన్నారు నన్ను! భయపడ్డానని రాసుకోమన్నారు. నేను వెళ్ళి ఆయన మొహాన చెప్పొచ్చాను. మీ చెయ్యి అబద్ధం చెప్పదని చెప్పొచ్చాను."

కత్తి నిలబడ్డాడు. క్షమించమని అడగడం అతనికి రాదు. ఎవరినీ క్షమించి ఎరగడు కాబట్టి, అడిగితే ఎదుటివాళ్ళు ఏం ఇవ్వాలో కూడా తెలియదు.

చప్పుడు విని పెద్దసారు గదిలోంచి వచ్చాడు. కాగితం తీసుకుని చదివాడు. రెండుసార్లు చదివాడు. కత్తి అనుకున్నట్టు ఆయన మొహంలో గెలుపేమీ కనపడలేదు. భుజాలు మాత్రం కిందికి దిగాయి, బరువు దించుకున్నవాడిలా.

"సరే, పోనివ్వండి," అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. "ఇంత దూరం ఎందుకు? ఇరవయ్యారేళ్ళు చేశారు. చివర్లో మీకు ఈ మచ్చ దేనికి? మొదట నేనన్నట్టే చేద్దాం. పదకొండు చిరిగాయని రాయండి. మీ పరువు నిలబడుతుంది, ఈ అమ్మాయి పనీ నడుస్తుంది. నీళ్ళ సంగతి మన ముగ్గురిలోనే ఉంటుంది."

సోమవారం అది దగా. శుక్రవారానికి అదే మాట దయగా వచ్చింది. తీసుకుంటే సరిపోయేది. ఎలాగూ ఆ పదకొండూ పోవలసినవే.

కత్తి రిజిస్టరు తెరిచాడు. నలభై మూడో నంబరు పక్కన నిలబడే రాశాడు. 'చిరగలేదు. నీళ్ళ వేడి యాభై ఒకటి. పొరలు సాగినవి. కోసినవాడి వేలికి వేడి తెలియదు. ఎప్పటినుంచో తెలియదు.' సంతకం పెట్టాడు.

పెద్దసారు మీదికి వంగి చదివాడు. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన రంగు మారింది.

"ఎప్పటినుంచో ఏంటి? ఆ చివరి ముక్క కొట్టెయ్యండి."

"తెలియదు కాబట్టి రాశాను సార్."

"అర్థమవుతోందా మీకు? అలా రాస్తే ఈ నలభై మూడోది ఒక్కటే కాదు. మిగతా నలభై రెండూ అనుమానమే. చుక్క కిందికే నాడి వచ్చిందని మనం చూసినవి కూడా. మూడేళ్ళ పని!"

"అవును సార్."

"అవును సారేంటయ్యా అవును సారు! కొట్టెయ్!"

అంతసేపూ తల పట్టుకుని కూర్చున్న పరిశోధకురాలు లేచింది. రిజిస్టరు పెద్దసారు చేతికిందనుంచి లాక్కుని మూసింది. ఎవరివైపూ చూడలేదు.

"ఉండనివ్వండి సార్," అంది. "కొలిస్తే తెలుస్తుంది. మీటింగు వాయిదా వెయ్యండి."

పెద్దసారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఫోను తీసుకుని బయటికి నడిచాడు.

స్లైడ్ల పెట్టెలు అలమారానిండా ఉన్నాయి. కొత్తవాటినుంచి వెనక్కి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆమె సూక్ష్మదర్శినిలో చూసి అంకె చెప్పేది, కత్తి రాసేవాడు. అంకె తప్ప ఇంకో మాట చెప్పలేదు. అతనూ అడగలేదు. నలభై రెండు, సాగింది. నలభై ఒకటి, సాగింది, కానీ కొద్దిగా. అన్ని పొరల్లోనూ నాడి జరగలేదు. చాలాచోట్ల అదృష్టం కొద్దీ చుక్క కిందే ఉండిపోయింది. ఉన్నదంతా నిజమని ఇన్నాళ్ళూ అనుకున్నారు. ముప్ఫై తొమ్మిది, ముప్ఫై ఎనిమిది. మధ్యాహ్నం దాటింది. ఆమె కొత్త బట్టల మోచేతుల దగ్గర నూనె మరకలు పడ్డాయి.

ఇరవై ఆరో పిండం దగ్గర ఆమె ఆగింది. కంటిగొట్టం సరిచేసుకుంది.

"బేసి పద్దెనిమిది. సరి పద్దెనిమిది."

ఇరవై ఐదు చూసింది. ఇరవై నాలుగు చూసింది. పద్దెనిమిది, పద్దెనిమిది.

"ఇక్కడిదాకా బాగానే ఉన్నాయి," అంది. "ఇరవై ఏడునుంచి కొత్త పిండాలతో మళ్ళీ కోయాలి."

ఆమె నీళ్ళు తాగడానికి లేచి వెళ్ళింది. కత్తి రిజిస్టరులో వెనక్కి తిరగేసి ఇరవై ఏడో పిండం కోసిన రోజు వెతికాడు. పద్నాలుగు నెలల కిందటిది. ఆ రోజు ఏదో ఒకటి జరిగి ఉంటుందనుకున్నాడు. పేజీలో పొరల నంబర్లు, దిమ్మ నంబరు, బ్లేడు మార్చిన సంగతి ఉన్నాయి. కింద తన చేతిరాతే, గుండ్రంగా, ఎక్కడా వణకకుండా ఉంది: 'ఈ రోజు కోసినవన్నీ బాగా వచ్చినవి.'